కొత్త ఊరు, మూడేళ్ల పాప, మొదటి బడి

ప్రశ్న: మేము రాజమహేంద్రవరంలో అత్తమామలతో కలిసి ఉంటున్నాము. మా వారికి హైదరాబాదుకు బదిలీ అయింది. దసరా సెలవుల తరువాత నిజాంపేట, బాచుపల్లి వైపు ఇల్లు తీసుకుని వెళ్ళాలనుకుంటున్నాము. మా పాపకు మొన్న జూలైలో మూడేళ్లు నిండాయి. తెలుగు తప్ప మరో భాష రాదు. నాయనమ్మను వదిలి ఒక్క పూట కూడా ఉండలేదు. అక్కడ వీధికొక ప్లేస్కూలు ఉన్నా, ఆలస్యం చేస్తే మంచివాటిలో సీటు దొరకదని బంధువులు అంటున్నారు. పేరున్న సంస్థ శాఖలో చేర్పిస్తే చింత ఉండదని మా వారి అభిప్రాయం. ఫోనులో మాట్లాడిన ఒక బడివారు “ఇప్పటినుంచే ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడండి” అని చెప్పారు. జనవరి నుంచి నేను కూడా ఉద్యోగంలో చేరవలసి ఉంది. తెలిసినవారెవరూ లేని చోట మంచి బడిని ఎలా గుర్తుపట్టాలి?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో తొందర బంధువులది, బెంగ మీది. తొందర సంగతి ముందు తేల్చుకుంటే మిగిలినవి నిదానంగా ఆలోచించుకోవచ్చు. ఈ దసరా తరువాత పాపను నర్సరీలో కూర్చోబెట్టి, వచ్చే జూన్‌లో ఎల్‌కేజీకి, ఆపై జూన్‌లో యూకేజీకి పంపారనుకుందాం. ఒకటో తరగతి గుమ్మం ఎక్కేనాటికి ఆమెకు ఆరేళ్లు నిండడానికి ఇంకా నెల తక్కువే ఉంటుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఆరేళ్ల వయసును పూర్వ ప్రాథమిక దశకు కేటాయించి, ఒకటో తరగతిని ఆ తరువాతకు పెట్టింది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 విద్యాసంవత్సరం నుంచి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండిన పిల్లలనే ఒకటో తరగతిలో చేర్చుకుంటున్నాయి. ఇదే వయసు పాటించమని 2023 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు లేఖ కూడా రాసింది. అన్ని బడులూ ఒకే తేదీ లెక్క వేయవు కనుక, తరువాత ఏ పెద్దబడికి పంపాలనుకుంటున్నారో అక్కడ ఇప్పుడే అడిగి ఉంచుకోండి. వారు ఆరేళ్లు నిండాలనే లెక్క వేసేవారైతే, ఇప్పుడు పరుగెత్తి సంపాదించిన ఏడాదిని మీ పాప యూకేజీ రెండోసారి చదివి పోగొట్టుకోవలసి వస్తుంది. ఈ అక్టోబరులో సీటు దొరకకపోయినా, వచ్చే జూన్‌లో నర్సరీలో చేరినా ఆమెకు వయసు రీత్యా వచ్చే నష్టమేమీ లేదు. “రెండే సీట్లున్నాయి, ఈ రోజే కట్టండి” అనే మాట ఎవరైనా అంటే, ఈ లెక్క గుర్తు తెచ్చుకుని లేచి రండి.

ఇంటికి అడ్వాన్సు ఇవ్వకముందే బడులు చూడండి. ఇల్లు వెతకడానికి మీ వారు ఎలాగూ రెండు మూడు సార్లు హైదరాబాదు వెళతారు. అందులో ఒకసారి మీరు కూడా పనిదినాల్లో వెళ్లండి. ఆదివారం వెళితే ఇళ్లు చూడవచ్చు గానీ బడులకు తాళాలు ఉంటాయి. నిజాంపేట రోడ్డయినా, మియాపూరు నుంచి బాచుపల్లి వెళ్ళే దారయినా మధ్యాహ్నం ఒక తీరుగా, ఉదయం తొమ్మిదింటికి మరో తీరుగా ఉంటుంది. రెండు కిలోమీటర్ల దూరానికి అరగంట పట్టే దారిలో మూడేళ్ల పిల్లను వ్యాను ఎక్కించడం నాకు ఇష్టం లేదు. వ్యాను అందరి ఇళ్లూ తిరిగి రావాలి, పిల్ల సగం దారిలో నిద్రపోతుంది, ఆయా లేని రోజున దింపేది డ్రైవరే అవుతాడు. ఇంటి నుంచి మీరు పాప చెయ్యి పట్టుకుని పది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగిన బడి, దూరాన ఉన్న గొప్ప బడి కంటే ఈ వయసుకు మేలు. ఒళ్లు వెచ్చబడిందని ఫోను వస్తే ఎవరు ఎంతసేపట్లో చేరగలరనేదే ఇక్కడ అసలు కొలత. అందుకని ముందు మూడు నాలుగు బడులు చూసి, వాటిలో నచ్చిన రెండింటికి దగ్గరలో ఇల్లు వెతకండి. అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువైనా వ్యాను ఖర్చులో కలిసివస్తుంది.

పేరున్న సంస్థ శాఖ గురించి మీ వారు చెప్పినదానిలో కొంత నిజం లేకపోలేదు. ఆ పేరుతో పాటు ఒక పాఠ్యప్రణాళిక, ఆటవస్తువులు, టీచర్లకు కొంత శిక్షణ వస్తాయి. అయితే ఈ శాఖల్లో ఎక్కువ భాగం ఫ్రాంచైజీ పద్ధతిలో నడుస్తాయి. బోర్డు సంస్థది, అద్దె, జీతాలు, టీచర్ల ఎంపిక స్థానిక యజమానివి. ఒకే బోర్డు కింద ఒక వీధిలో చక్కని బడి, మరో వీధిలో చప్పబడిన బడి ఉండడం అందుకే. మాంటిస్సోరి అనే మాట సంగతీ అంతే. మరియా మాంటిస్సోరి 1907లో రోములో మొదలుపెట్టిన పద్ధతి అది. 1939లో ఆమె స్వయంగా మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు ఆ పేరును బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు. ఆ పేరు కనిపిస్తే టీచరు ఎక్కడ శిక్షణ పొందారో అడగండి. పిల్లలు చాప పరుచుకుని తమకు నచ్చిన పని తీసుకుని తామే తిరిగి అరలో పెడుతున్నారా, లేక ఆ వస్తువులు అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయా చూడండి. అద్దాల బీరువాను నేను ఒకటి కంటే ఎక్కువ చోట్లే చూశాను.

ఇక బడి చూడడం. దీనికి ఒక వేళ ఉంది. ఉదయం తొమ్మిదిన్నరకు ప్రతి బడీ ముద్దుగానే ఉంటుంది. అందరూ తలలు దువ్వించుకుని వచ్చి పాటలు పాడుతుంటారు. మీరు పదకొండు, పదకొండున్నర మధ్య వెళ్లండి. పిల్లలకు ఆకలి, నిద్ర, విసుగు మూడూ కలిసి వచ్చే సమయం అది, పెద్దవాళ్ల ఓపిక తెలిసేదీ అప్పుడే. లోపలికి వెళ్లనివ్వకపోతే తప్పు పట్టకండి, ముక్కూముఖం తెలియనివారిని పిల్లల గదుల్లోకి రానివ్వకపోవడం మంచి లక్షణమే. అపాయింట్‌మెంట్ ఇమ్మని ఆ వేళకే అడగండి. ఏ వేళకూ ఒప్పుకోకుండా ముందుగదిలోనే కూర్చోబెట్టి వీడియో చూపించే చోట మాత్రం ఫీజు కట్టకండి.

నేను చిన్నపిల్లల బడిలో చాలాకాలం పనిచేశాను, అయినా మనవడికి బడి వెతికినప్పుడు మీలాగే తికమకపడ్డాను. మా అమ్మాయితో కలిసి కూకట్‌పల్లి వైపు ఒక బడికి వెళ్ళాను. ముందుగదిలో ఏసీ, గోడల నిండా బొమ్మలు, ల్యాప్‌టాప్ తెరిచి ఫీజు వాయిదాలు వివరిస్తున్న అమ్మాయి. ఆమె మాట్లాడుతుండగానే లోపలి తలుపు దగ్గరికి ఒక పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు. నిక్కరు ముందుభాగం తడిసి ఉంది, రెండు చేతులతో దాన్ని కప్పుకుంటున్నాడు. వెనుక నుంచి ఆయా వచ్చి “మళ్లీనా?” అంటూ రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ల్యాప్‌టాప్ అమ్మాయి తల ఎత్తలేదు. రెండో వాయిదా ఏ నెలలో కట్టాలో చెబుతూనే ఉంది. మా అమ్మాయి నా వైపు చూసింది, ఇద్దరం మంచినీళ్లు తాగి లేచాము. ఆ వారంలోనే ఒక పాత డాబా ఇంట్లో నడుస్తున్న మరో బడికి వెళితే, రంగు వెలిసిన జారుడుబల్ల కింద ఆయా గొంతుకూర్చుని ఒక పాప ముక్కు తుడుస్తూ “ఏ వేలు నొక్కుకుంది, చూపించు” అంటోంది. పాప ఒక్కొక్క వేలే చూపిస్తుంటే ఆమె ప్రతి వేలినీ ఊదుతోంది. అక్కడే చేర్పించాము. ఆ బడి బంగారమేమీ కాదు; సంక్రాంతి తరువాత టీచరు మానేస్తే నెలన్నర పాటు కొత్తవారు దొరకలేదు, మేమూ చిరాకుపడ్డాము. అయినా ఆ ఆయా ఉన్నన్నాళ్లూ పిల్లవాడు గేటు దగ్గర మా చెయ్యి విడిపించుకుని లోపలికి పరుగెత్తేవాడు.

అందువల్ల ప్రిన్సిపాల్‌తో మాట్లాడడం కంటే ఆయాను గమనించడం ముఖ్యమని నా నమ్మకం. పిల్లలను మరుగుదొడ్డికి తీసుకెళ్లేది, తడి బట్టలు మార్చేది, అన్నం తినిపించేది ఆమే. ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారని ఆమెనే పలకరించండి. తరచుగా మనుషులు మారే చోట పిల్లలు కుదురుకోరు. టీచరు పిల్లలతో మాట్లాడేటప్పుడు వంగుతుందా, నిలబడే కేకలు వేస్తుందా చూడండి. ఏడుస్తున్న పిల్ల ఎవరైనా ఉంటే, ఎవరు ఎంతసేపటికి దగ్గరికి వెళ్ళారో చేతిగడియారంలో చూడండి. ఏడుపు లేని బడి ఉండదు, ఆ ఏడుపును ఎలా పట్టించుకుంటారన్నదే తేడా.

గోడల మీద అంటించిన బొమ్మలు కూడా చాలా చెబుతాయి. పాతిక సీతాకోకచిలుకలు ఒకే కొలతలో, ఒకే రంగుల్లో, గీత దాటకుండా ఉన్నాయంటే అవి టీచరు రాత్రి కూర్చుని చేసినవి. ఒకటి ఆకుపచ్చగా, ఒకటి రెక్క ఊడి, ఒకటి అసలు సీతాకోకచిలుకలా లేకుండా ఉంటే పిల్లలు చేసినవి. నర్సరీ పిల్లల చేత నాలుగు గీతల పుస్తకంలో పేజీలకు పేజీలు రాయించే బడిని చూసి తల్లిదండ్రులు మురిసిపోవడం నేను ఎరుగుదును. మూడేళ్ల పిల్ల వేళ్లు ఇంకా పెన్సిలు పట్టుకి సిద్ధపడి ఉండవు. పిండి పిసకడం, పూసలు గుచ్చడం, ఇసుకలో గీయడం, నీళ్లు ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి వంచడం వంటివే వాటిని సిద్ధం చేస్తాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటనే బోధనకు కేంద్రంగా పెట్టింది. వసంత పంచమికి బాసరలో పలక మీద ఓంకారం దిద్దించిన సరదా వేరు, రోజూ ఇంటికి రెండు పేజీల హోంవర్కు పంపడం వేరు.

ఒక గదికి ఎంతమంది అన్నది తప్పక అడగండి. చెప్పిన సంఖ్యను నమ్మకుండా గది బయట చెప్పుల జతలు మీరే లెక్కపెట్టుకోండి. 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యావిధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒక పెద్ద, మూడేళ్లలోపు వారైతే పదిమందికి ఒకరు ఉండాలి. నన్నడిగితే కొత్తగా వచ్చే మూడేళ్ల పిల్లల గదిలో పన్నెండు, పదిహేను మంది దాటితే టీచరుతో పాటు ఆయా కూడా పూర్తిగా ఆ గదిలోనే ఉండాలి. ఒకే ఆయా మూడు గదులకు, వంటింటికి తిరుగుతుంటే ఆమెను లెక్కలో వేసుకోకండి.

ఆ ప్రాంతంలో ప్లేస్కూళ్లు ఎక్కువగా అద్దె ఇళ్లలోనో, అపార్టుమెంటు కింది అంతస్తులోనో నడుస్తాయి. ఇల్లుగా కట్టినదాన్ని బడిగా మార్చినప్పుడు మిగిలిపోయే ప్రమాదాలు కొన్ని ఉంటాయి. అన్నిటికంటే ముందు నీళ్ల సంపు చూడండి. గేటు పక్కనో, ఆటస్థలం కిందో ఉంటుంది. దాని మూత బరువైనదై, తాళం వేసి ఉండాలి. ట్యాంకరు వచ్చినప్పుడు మూత తెరిచి ఎవరు కాపలా ఉంటారని అడిగితే యజమాని ముఖంలోనే జవాబు దొరుకుతుంది. తరువాత మేడ మెట్లకు చిన్న గేటు, డాబా తలుపుకు గడియ, బాల్కనీ గ్రిల్లు సందులు, పిల్లలకు అందే ఎత్తులో ప్లగ్గులు. సీసీ కెమెరాలు ఉంటే మంచిదే, కానీ అవి సంపు మూతను మూయవు. మరుగుదొడ్డి లోపలికి వెళ్లి చూడండి. పిల్లల పొట్టి కుండీ, వాళ్లకు అందే కొళాయి, పొడిగా ఉన్న నేల ఉన్నాయంటే ఆ బడిలో ఎవరో పిల్లల ఎత్తున కూర్చుని ఆలోచించారన్నమాట. పాపను తీసుకెళ్లేందుకు ఎవరెవరు రావచ్చో పేర్లు, ఫొటోలు తీసుకుంటారా, కొత్తవారు వస్తే మీకు ఫోను చేస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడమన్న సలహాను దయచేసి పాటించకండి. ఇల్లు, నాయనమ్మ, ఊరు ఒకేసారి మారుతున్న పిల్లకు అలవాటుగా మిగిలేది మాట ఒక్కటే. దాన్ని కూడా తీసేస్తే ఆమె మౌనంగా కూర్చుంటుంది, అది చూసి బడివారు “షై” అని రాస్తారు. పూర్వ ప్రాథమిక దశలో ఇంటిభాషకు పెద్దపీట వేయాలని జాతీయ విద్యావిధానమే చెబుతోంది. మీరు కనుక్కోవలసింది ఒకటే: పాప గదిలో తెలుగు అర్థమయ్యే పెద్ద మనిషి ఒకరైనా ఉన్నారా? హైదరాబాదులో టీచరుది ఒక భాష, ఆయాది మరొకటి కావడం మామూలే. మీ పాప ఇంట్లో “ఒకటికి వస్తోంది” అంటుందో, “పాసు” అంటుందో, ఆ మాట అక్కడ ఎవరికీ తెలియకపోతే గౌను తడుపుకోవడం తప్ప ఆమెకు దారి ఉండదు. చేర్పించే రోజున పాప వాడే ఓ పది మాటలు — మంచినీళ్లు, ఆకలి, నొప్పి, నిద్ర, మరుగుదొడ్డి వంటివి — ఆమె పలికే తీరులోనే కాగితం మీద రాసి టీచరుకు ఇవ్వండి. ఆ కాగితాన్ని ఎలా తీసుకున్నారో గమనించండి. ఇంగ్లీషు తోటిపిల్లల మధ్య దానంతట అదే వస్తుంది.

ఫీజు విషయం క్లుప్తంగా చెబుతాను. అడ్మిషన్, ట్యూషన్, పుస్తకాల కిట్, యూనిఫాం, వార్షికోత్సవం అన్నీ కలిపి ఏడాదికి ఎంతో ఒకే కాగితం మీద రాయించుకోండి. మీరు సంవత్సరం మధ్యలో చేరుతున్నారు కనుక మిగిలిన నెలలకే కడతామని అడగడంలో తప్పులేదు. మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రసీదు మీదే ఉండాలి. కరోనా కాలంలో ఎన్నో చిన్న బడులు ఉన్నట్టుండి మూతపడ్డాయి. రెండు మూడేళ్ల ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామనే చోట ఆ జ్ఞాపకం పనికొస్తుంది.

దగ్గరలోని అంగన్‌వాడీని కూడా ఒకసారి చూసి రండి. మన ఇళ్లలో ఆ మాట అంటే ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద 1975 అక్టోబరు 2న మొదలైన ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, భోజనం ఉచితం. తెలుగు గురించి అక్కడ మీరు బెంగపడవలసిన అవసరమూ ఉండదు. గది ఇరుకుగా ఉండవచ్చు, టీచరుకు రిజిస్టర్ల పని మీద పడి ఉండవచ్చు. ఆయాను చూసినట్టే అక్కడి టీచరును చూసి నిర్ణయించుకోండి. ఉద్యోగంలో చేరేలోపు, ఆ రెండు మూడు నెలలు పూటకు రెండు గంటలు పాపను మనుషులకు అలవాటు చేయడానికి అది సరిపోవచ్చు.

జనవరి నుంచి మీకు డేకేర్ కూడా కావాలి కనుక ఇప్పుడు చూసే బడుల్లో ఆ వసతి ఉన్నవాటికే ప్రాధాన్యం ఇవ్వండి, లేకపోతే మూడు నెలల్లో పాప రెండోసారి చోటు మారవలసి వస్తుంది. డేకేర్‌ను మాత్రం విడిగా పరీక్షించాలి. ఉదయం ఉన్న టీచర్లు మధ్యాహ్నం ఉండరు. మూడు గంటలకు మరోసారి వెళ్లి, పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారు, టీవీ ఎంతసేపు నడుస్తోంది, సాయంత్రం చివరి పిల్ల వెళ్లేదాకా ఎవరుంటారు అన్నవి కనుక్కోండి.

సామాను దిగిన మర్నాడే బడికి పంపకండి. నాలుగు వారాలు ఆగండి. ఈలోగా రోజూ సాయంత్రం ఆ బడి మీదుగా నడుస్తూ “ఇదే నీ బడి” అని చూపించండి. వీలైతే మీ అత్తగారిని మొదటి నెల వెంట తీసుకెళ్లండి. అయితే బడిలో మొదటిరోజు, ఆమె తిరుగు ప్రయాణం ఒకే వారంలో పడకుండా చూసుకోవాలి. చేరిన మొదటి వారం గంట, రెండో వారం రెండు గంటలు చాలు. దానికి ఒప్పుకోని బడి ఉంటే అదొక కొలత. దింపేటప్పుడు పాప కళ్లు కప్పి జారుకోకండి. “భోజనం వేళకు వస్తాను” అని చెప్పి, ఏడుస్తున్నా వెళ్లిపోయి, చెప్పిన వేళకు తప్పక గేటు దగ్గర ఉండండి. సంచిలో నాయనమ్మ పాత నేతచీర ముక్క ఒకటి పెట్టండి. నాయనమ్మతో వీడియో కాల్ సాయంత్రానికి ఉంచుకోండి. పొద్దున్నే ఆ ముఖం చూస్తే చెప్పులు వేసుకోదు.

మొదటి మూడు నాలుగు వారాలు ఏడవడం, జలుబు, దగ్గు, రాత్రి కలవరింతలు మామూలే. ఆరు వారాలు దాటినా ఆదివారం కూడా బడి మాట ఎత్తగానే బిగుసుకుపోవడం, మానేసిన పక్క తడుపు మళ్లీ మొదలవడం, ఒక మనిషి పేరు చెబితే భయపడడం కనిపిస్తే ఆగి చూడవలసిందే. ముందు టీచరును అడగండి. “మా దగ్గర బాగానే ఉంటుంది” అన్న ఒక్క మాటతో సరిపెట్టితే, ఒక పూట లోపల కూర్చుంటానని అడగండి. అదీ కాదంటే, మీరు చూసి పక్కన పెట్టిన రెండో బడి ఉంటుంది కదా, దాని ఫోను నంబరు పారేయకుండా ఉంచుకోండి. కట్టిన ఫీజు పోతుందని మాత్రం పాపను అక్కడే ఉంచకండి.